ఆర్కే బీచ్‌లో మంచు కర్రలు

మా అమ్మాయి పెళ్లి సంబంధానికి కూడా ఇంత చర్చ జరగలేదు. పదకొండు రోజులుగా ఇంట్లో పొద్దున కాఫీ దగ్గర మొదలై రాత్రి మజ్జిగన్నం దాకా ఒకటే ప్రశ్న: ట్విస్ట్ లాకా, లివర్ లాకా?

మా బామ్మర్ది డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ కొండ ఎక్కుతాడట. సుమారు 12,500 అడుగులు. అట్నుంచటే ఔలీ వెళ్లి స్కీయింగ్ కూడా నేర్చుకుంటాడట. విశాఖ ఎంవీపీ కాలనీలో వాళ్ల లిఫ్టు పాడైన రోజున, రెండో అంతస్తు నుంచి టిఫిను బుట్టకి తాడు కట్టి దింపించుకున్న వీరుడు. కాబట్టి రెంటికీ పనికొచ్చేలా పొడవు మార్చుకునే కర్రల జత కావాలి. పెట్టుకున్న పొడవు కదలకుండా బిగించే తాళమే ఈ లాక్: తిప్పి బిగించేది ట్విస్ట్, మీట నొక్కి మూసేది లివర్. కర్ర అంటే ఊరుకోడు, పోల్ అనాలి.

శాస్త్రానికి నేను వ్యతిరేకిని కాను. చదునునేల మీద మోచెయ్యి 90 డిగ్రీలు వంగేలా పొడవు పెట్టుకోవాలి. ఎక్కేటప్పుడు 5 నుంచి 10 సెంటీమీటర్లు తగ్గించాలి, దిగేటప్పుడు పెంచాలి, మోకాళ్లు బతుకుతాయి. ట్విస్ట్ లాక్ సన్నగా, చూడముచ్చటగా ఉంటుంది గానీ లోపల తడో మట్టో చేరితే జారుతుంది. లివర్ లాక్‌ని చేతికి గ్లవ్స్ ఉన్నా మూయొచ్చు, వదులైతే స్క్రూ బిగించుకోవచ్చు. అల్యూమినియం దెబ్బ తింటే వంగుతుంది, ఎలాగోలా ఇల్లు చేరుస్తుంది. కార్బన్ తేలికే గానీ పక్కనుంచి తగిలితే చెప్పాపెట్టకుండా విరుగుతుంది. మా వంశంలో రెండు రకాల మనుషులూ ఉన్నారు కాబట్టి నాకు వెంటనే బోధపడింది. ఇక స్కీ వాలు మీద జారడానికైతే ఒకే ముక్క కర్ర చాలు, గట్టిగానూ ఉంటుంది, ఔలీలో అద్దెకీ ఇస్తారు. ఈ మాట చెప్పినందుకు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మూడో రోజు ఆదివారం. స్నేహితుడి దగ్గర ట్విస్ట్ లాక్ జత ఎరువు తెచ్చి, పొద్దున్న ఆరింటికి నన్ను బీచ్ రోడ్డుకి లాక్కెళ్లాడు. కురుసుర జలాంతర్గామికి ఎదురుగా ఇసకలో దిగాం. కర్రల అడుగున మంచు బాస్కెట్లు బిగించాడు. అంటే మెత్తటి మంచులో కర్ర దిగబడిపోకుండా ఉండే వెడల్పాటి ప్లాస్టిక్ చక్రాలు. "ఇసకైనా మంచైనా సిద్ధాంతం ఒకటే బావా," అన్నాడు. ఒప్పుకోక తప్పలేదు, నిజంగానే దిగబడలేదు. పట్టీలోకి చెయ్యి కిందనుంచి పైకి దూర్చి, అప్పుడు పిడి పట్టుకోవాలి. మనవాడు పైనుంచి దూర్చాడు. వాకింగ్‌కొచ్చిన రిటైర్డు ఉద్యోగులు ఒక్కొక్కరే ఆగారు. ఒకాయన ఇది ఆపరేషన్ తర్వాత చేసే వ్యాయామమా అని నన్ను పక్కకి పిలిచి అడిగాడు. ఇంకొకాయన ఏ డాక్టరు రాశాడో కనుక్కున్నాడు. చేపల గంపతో పోతున్న ఒకావిడ మాత్రం గంప దించి మరీ నిలబడింది.

"ఏటి బాబూ, పీతలకా?"

"కాదమ్మా, మంచుకి."

ఆవిడ ఒకసారి ఆకాశంకేసి చూసింది. అప్పటికే మా చొక్కాలు వీపుకి అతుక్కుపోయి ఉన్నాయి. ఇంతలో మనవాడు లోయ దిగుతున్నట్టు ఊహించుకుని, ఎడం కర్ర మీద ఒళ్లంతా వేశాడు. తాళంలో ఇసక చేరినట్టుంది, 130 సెంటీమీటర్ల కర్ర గొట్టంలో గొట్టం దూరి 65కి వచ్చేసింది. మనిషి కూడా దాదాపు అంతే అయ్యాడు. చేపలావిడే రెక్క పట్టుకుని లేపింది. ఆవిడ చేతిలో ఏ కర్రా లేదు. ఇంటికొచ్చి ముక్కలన్నీ ఊడదీసి, ఉప్పు పోయేలా మంచినీళ్లతో కడిగి ఆరబెట్టే పని నాది.

వీణ్ని కన్నతల్లి, అంటే మా అత్తగారు, ఆషాఢ పౌర్ణమికి కొండ కింద తొలిపావంచా, అంటే మొదటి మెట్టు, దగ్గర కొబ్బరికాయ కొట్టి సింహాచలం చుట్టూ 32 కిలోమీటర్లు చెప్పుల్లేకుండా నడిచొచ్చింది. మర్నాడు పొద్దున్నే పప్పు రుబ్బింది. ఆవిడ గ్రిప్పు గురించి ఎవరూ వీడియో తియ్యలేదు.

కర్ర బరువెంత ఆపుతుందో నిజంగా తెలిసినవాళ్లు పాడేరు పైన ఉన్నారు. ఒక వెదురు, దానికి వేలాడే దుప్పటి, దుప్పట్లో నొప్పులు పడుతున్న ఆడమనిషి, చెరో కొసన భుజం. వానాకాలం గెడ్డ పొంగితే నడుం లోతు నీళ్లలోనే దాటాలి. "డోలీ మోత" అని జిల్లా పేజీలో ఫొటో పడుతుంది, వచ్చే ఏడు మళ్లీ పడుతుంది. 2022లో జిల్లా విడదీసి అల్లూరి పేరు పెట్టారు. బోర్డులు మార్చడానికి దొరికిన లారీలు ఆ ఊళ్లకి కంకర తోలడానికి దొరకవు కాబోలు. మనం మాత్రం చీకటితో లేచి ఆ పాడేరు పక్కనే ఉన్న వనజంగి కొండకి వెళ్లి, మబ్బుల సముద్రం ముందు కర్ర ఎత్తి ఫొటో దిగి, దారిలో బొంగు చికెన్ తిని, మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చి పడుకుంటాం. అంబులెన్సు ఎక్కలేని కొండ పక్కనుంచే మన కారు పోయొస్తుంది. సిగ్గులేని జన్మలు. నాది కూడా. కిందటేడు ఆ ఫొటో నేనూ దిగాను.

ఇదంతా కాస్త గొంతు పెంచే చెప్పాను. బామ్మర్ది కాసేపు కిటికీలోంచి చూశాడు.

"మరి ఆ వెదురుకి గ్రిప్ ఏటుంటాది బావా?"

"భుజమ్మీద మడతేసిన తువ్వాలు."

ఇంకేం అడగలేదు. రాత్రి లివర్ లాకే ఆర్డరు పెట్టాడు. అల్యూమినియం.