కాలికి తద్దినం

అమెరికన్ జనరల్ డేనియల్ సికిల్స్ కథలోకి ఎవరైనా ఆయన కాలితోనే కాలు పెడతారు. ఆ వెంటనే తప్పకుండా ఒక మాట అంటారు: ‘వర్ణరంజితమైన వ్యక్తి’. నాకు ఒళ్లు మండేది అక్కడే. మన వీధిలో ఉంటే రౌడీ. సప్తసముద్రాల అవతల, నూటయాభై ఏళ్ల వెనక ఉంటే వర్ణరంజితం!

సరే, కాలు దగ్గరికే వద్దాం. 1863 జులై 2, అమెరికా అంతర్యుద్ధంలో గెటిస్‌బర్గ్ పోరు. లాయరుగా, కాంగ్రెస్ (అంటే అమెరికా పార్లమెంటు) సభ్యుడిగా చేసి జనరల్ అయిన ఈ పెద్దమనిషి, పైఅధికారి ఉండమన్న చోట ఉండకుండా దళాన్ని ముందున్న పీచ్ తోటలోకి నడిపించాడు. దళం చితికిపోయింది. ఫిరంగి గుండు తగిలి ఆయన కుడికాలు పోయింది. మనమైతే ఏడుస్తాం. ఆయన ఆ ఎముకల్ని పెట్టెలో పెట్టి, ‘మేజర్ జనరల్ డి.ఈ.ఎస్. అభినందనలతో’ అని చీటీ రాసి వాషింగ్టన్‌లో సైనిక వైద్య మ్యూజియానికి పంపాడు. ఏటా ఆ తేదీకి వెళ్లి చూసొచ్చేవాడట కూడా. ఊహించుకోండి. ఊతకర్రలు టకటకలాడించుకుంటూ జనరల్ గారి రాక. అద్దం వెనక ఎముకలు. లేచి నిలబడదామన్నా వాటివల్ల కాదు, పాపం. తన కాలికి తానే తద్దినం పెట్టుకున్న కర్తను ఇంకెక్కడైనా చూశారా? భోక్తలు దొరికారో లేదో మరి. 1897లో ఇదే యుద్ధానికి అమెరికాలో అత్యున్నత సైనిక పురస్కారం, మెడల్ ఆఫ్ ఆనర్ కూడా ఇచ్చారు.

అసలు సంగతి గెటిస్‌బర్గ్‌కు నాలుగేళ్ల ముందుది. 1859 ఫిబ్రవరి 27, ఆదివారం. వైట్‌హౌస్ ఎదురుగా ఉన్న లఫాయెట్ స్క్వేర్‌లో, తన భార్యతో సంబంధం పెట్టుకున్న ఫిలిప్ బార్టన్ కీని నడిరోడ్డు మీద కాల్చి చంపాడు. చచ్చినవాడు సాక్షాత్తు ఆ నగరానికి జిల్లా అటార్నీ, అంటే నేరస్తుల మీద కేసులు నడిపే సర్కారు లాయరు. ‘తాత్కాలిక ఉన్మాదం’ అన్నారు లాయర్లు. నేరుగా అటార్నీ జనరల్ ఇంటికి నడిచెళ్లి లొంగిపోయేంత దారి గుర్తున్న ఉన్మాదం! అమ్మవారి పూనకం కూడా ఇంత టైముకి వచ్చి, టైముకి పోదు. జ్యూరీ వదిలేసింది.

పోనీ ఈయనేమన్నా శ్రీరామచంద్రుడా? ఫ్యానీ వైట్ అనే వేశ్యను న్యూయార్క్ శాసనసభలోకి వెంటబెట్టుకొచ్చి చీవాట్లు తిన్నవాడు. గర్భిణి భార్యను ఇంట్లో వదిలి అదే ఫ్యానీతో లండన్ వెళ్లినవాడు.

ఆ భార్య పేరు థెరీసా. పెళ్లినాటికి ఆయనకు 30 దాటాయి, ఆమెకు 16 నిండీ నిండలేదు. హత్యకు ముందురోజు రాత్రి ఆమెను కూర్చోబెట్టి ‘తప్పు చేశాను’ అని వివరంగా రాయించి సంతకం పెట్టించాడు. కోర్టు దాన్ని సాక్ష్యంగా తీసుకోలేదు. పత్రికలు తీసుకున్నాయి. ఊరంతా చదివింది. తర్వాత మళ్లీ ఆమెతో కలిశాడని తెలిసినప్పుడు మాత్రం పెద్దమనుషులకు రోషం పొడుచుకొచ్చింది. కాంగ్రెస్‌లో ఆయన పక్కన కూర్చోవడం మానేశారు. మనిషిని చంపినందుకు కాదండీ, పెళ్లాన్ని క్షమించినందుకు! సిగ్గు లేదూ వీళ్లకి?

ఆయన 1914 దాకా బతికాడు. కాలు మేరీలాండ్ మ్యూజియంలో ఇప్పటికీ భద్రంగా ఉంది. దాని తద్దినం తేదీ అందరికీ తెలుసు. థెరీసా 1867లో, 30 చిల్లర ఏళ్లకే పోయింది. ఫిబ్రవరి 5. రాసుకోండి.