ఐదున్నర శ్రుతిలో జాంగో

ఒక ఆదివారం పూట మా ఆవిడ లెక్కపెట్టి తేల్చిందేమిటంటే, మా ఇంట్లో ఒకే పాట పద్నాలుగు సార్లు ఉంది. పాట పేరు 'మైనర్ స్వింగ్'. 1937 నవంబరు 25న పారిస్‌లో రికార్డు చేశారు, నిడివి మూడుంపావు నిమిషాలు. పద్నాలుగు మూడుంపావులూ కలిపితే ముప్పావుగంట. "ఈ ముప్పావుగంట కోసం బీరువాలో రెండు అరలు పోయాయండీ, పిల్లాడి స్వెట్టర్లు సూట్‌కేసులోనే ఉన్నాయి" అంది. నా దగ్గర సమాధానం ఉంది గానీ అది కనీసం గంటంపావు పడుతుంది, తను అంతసేపు నిలబడదు.

మీరు కూర్చున్నారు కాబట్టి మీకు కాస్త చెప్తాను. మేముండేది పారిస్‌ని ఆనుకుని ఉన్న మోంత్రయ్‌లో, మూడో అంతస్తులో, రెండు గదుల వాటా. ఉద్యోగం సాఫ్ట్‌వేర్. జబ్బు మాత్రం పాత ఫ్రెంచి జాజ్. జాంగో రైన్‌హార్ట్ అని గిటారు వాయించే ఒక జిప్సీ మహానుభావుడు, పుట్టింది బెల్జియంలో, పెరిగింది పారిస్ శివార్లలో బండి ఇళ్లలో. 1928లో ఆ బండికి నిప్పంటుకుంది. లోపల భార్య అమ్మకానికి చేసిన సెల్యులాయిడ్ పువ్వులు ఉండటంతో భగ్గున లేచిందట. ఎడమ చేతిలో చివరి రెండు వేళ్లూ పనికిరాకుండా పోయాయి. మిగిలిన రెండు వేళ్లతోనే ఆయన సోలోలు వాయించాడు, ఐదు వేళ్లూ ఉన్నవాళ్లు ఇప్పటికీ వాటిని నేర్చుకుంటూనే ఉన్నారు. పక్కన ఫిడేలు మీద స్తెఫాన్ గ్రాపెల్లి, ఇంకో ఇద్దరు గిటారు వాళ్లు, ఒక బాస్. 1934లో మొదలైన ఈ ఐదుగురి మేళంలో డప్పు లేదు, బూర లేదు, అన్నీ తీగలే.

ఇక పద్నాలుగు ఎందుకయ్యాయంటే, యూరప్‌లో ఒకప్పుడు రికార్డింగు మీద హక్కు యాభై ఏళ్లే ఉండేది. తర్వాత డెబ్బై చేశారు గానీ అప్పటికే యాభై నిండినవి మళ్లీ తాళంలోకి వెళ్లలేదు. అంటే 1937 నాటి ఈ పాటని ఎవరైనా వేసుకోవచ్చు. ఎవరైనా వేశారు కూడా. ఫ్రెమో అనే కంపెనీ వాళ్లు జాంగో మొత్తాన్నీ ఇరవై భాగాలుగా, భాగానికి రెండు సీడీలుగా తెచ్చారు. ఇంకొకరు తారీఖుల వరసలో తెచ్చారు. ఇంకొకరు పారిస్ పాత ఫోటోల అట్టలతో తెచ్చారు. ఇంకొందరు ఏ వరసా లేకుండా తెచ్చారు, వాటి మీద మాత్రం సన్నమీసం, నోట్లో సిగరెట్టు ఉన్న అదే ఫోటో ఉంటుంది. పాట ఒకటే అయినా వినపడేది ఒకటి కాదు. ఒకాయన పాత రికార్డు చప్పుడంతా తుడిచేస్తాడు, దాంతో జాంగో దుప్పటి కప్పుకుని వాయిస్తున్నట్టుంటుంది. ఇంకొకాయన ఏమీ తుడవడు, పాట వెనకాల మూడుంపావు నిమిషాలూ పోపు చిటపటలాడుతూనే ఉంటుంది. నాకు పోపు ఉన్నదే ఇష్టం.

78 ప్లేట్లు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపు రికార్డులు కూడా ఓ నాలుగున్నాయి, ఆ వేగంలో ఆడించే మిషను లేదు, ఊరికే చూసుకోవడానికి. అవి లక్కతో చేసేవాళ్లు, ఆ లక్క చాలావరకు మన దేశం నుంచే, చోటానాగపూర్ వైపు అడవుల్లోంచి ఓడలెక్కి వచ్చేది. ఈ సంగతి గర్వంగా మా ఆవిడకి చెప్పాను. అప్పటి నుంచీ ఎవరైనా ఇల్లు చూడటానికొస్తే "రండి, లక్క ఇల్లు చూపిస్తాను" అంటుంది.

ఈ పరిస్థితుల్లో విజయనగరం నుంచి మా అమ్మ మూడు నెలలకి వచ్చింది. అమ్మ అక్కడి సంగీత కళాశాలలో ఫిడేలు డిప్లొమా చేసింది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పిన చోటు, 1919లో పెట్టిన కళాశాల. అమ్మ చేరేనాటికి ఆయన లేరు గానీ, ఆయన ఆ తలుపు దగ్గర చెప్పులు విడిచేవారట అని ఇప్పటికీ చెప్తుంది. అలాంటి మనిషికి గ్రాపెల్లిని వినిపించాలంటే నాకు పెళ్లిచూపులంత టెన్షన్. ఆయన మన ఎల్. సుబ్రహ్మణ్యంతో కలిసి రికార్డు చేశాడమ్మా అని సిఫార్సు కూడా జతచేశాను. సీడీ పెట్టాను. అమ్మ వింది. "ఆరు శ్రుతి పెట్టుకున్నారు. చెయ్యి శుభ్రంగా ఉంది. కానీ ఎందుకురా అంత కంగారు, రైలేమైనా అందుకోవాలా?" అంది. నేను దాన్ని ప్రశంస కిందే జమ వేసుకున్నాను.

వారం తర్వాత అనుకుంటా, మా ఏడేళ్లవాడు పైజామాని ఒక చేత్తో పట్టుకుని తిరగడం మొదలెట్టాడు. వదిలితే జారిపోతోంది. "సన్నబడ్డాడు, నీ పెళ్లాం స్కూల్లో తిండి తిననిస్తోంది, అందుకే" అంది అమ్మ. మా ఆవిడ ఏదో అనబోయి నా వైపు చూసి ఊరుకుంది. నేను కల్పించుకోలేదు. ఇప్పుడు తలుచుకుంటే అక్కడే కల్పించుకోవాల్సింది.

ఆ తర్వాతి ఆదివారం మా వీధి చివర సంత. ఇక్కడ ఏడాదికోసారి జనం అటకలు ఖాళీ చేసి, ఉన్న చెత్తంతా రోడ్డు మీద పరుస్తారు, మనం వెళ్లి కొనుక్కుని మన అటక నింపుకుంటాం. అక్కడ 1970ల నాటి ఎల్పీ ఒకటి దొరికింది, జాంగో పాత పాటల్ని మళ్లీ వేసిన రీఇష్యూ, ఎనిమిది యూరోలు. ఉంది, అందులో కూడా అదే పాట ఉంది. పదిహేనోది. కోటు లోపల పెట్టుకుని ఇంట్లోకి తెచ్చాను.

టర్న్‌టేబుల్ మీద పెట్టి ముల్లు దించగానే నా ఒళ్లు ఝల్లుమంది. ఇది నాకు తెలిసిన 'మైనర్ స్వింగ్' కాదు. బరువుగా, తాపీగా, ఏదో దిగులుతో ఉంది. రెండేసి సెకన్లకోసారి చిన్న ఊగు, ఉయ్యాల చివర తాడు పట్టినట్టు. పాట ఆఖర్లో బృందంలో ఎవరో హుషారుగా ఒక కేక వేస్తారు, ఇందులో ఆ కేక వేసినాయనకి పడిశం పట్టినట్టుంది. వంటింట్లోంచి అమ్మ గొంతు: "ఏవిట్రా, మొన్న ఆరులో వాయించాడు కదా, ఇవాళ ఐదున్నరకి దిగాడేం? ఒంట్లో బాలేదా?"

సీడీ పక్కన పెట్టి చూశాను. అమ్మ మాట నిజమే, సరిగ్గా అర మెట్టు, అంటే హార్మోనియం మీద పక్క మెట్టంత, కింద. స్టాప్‌వాచ్ పెట్టాను, పదకొండు సెకన్లు ఎక్కువ. అయితే సోలో మాత్రం స్వరం స్వరం అదే. అంటే ఇది ఇంకోసారి వాయించి రికార్డు చేసిన వేరే టేక్ కాదు. ఒకే టేక్, రెండు వేగాలు!

ఈ జబ్బు లేనివాళ్లకి ఇందులో ఏముందో అర్థం కాదు. 78 రికార్డు అన్నమాటే గానీ అవన్నీ కచ్చితంగా నిమిషానికి 78 చుట్లు తిరుగుతూ తయారైనవి కావు, స్టూడియో మోటారు ఎలా తిరిగితే అలా. మళ్లీ వేసేటప్పుడు ఏ వేగంలో ఆడించాలన్నది ఇంజనీరు చెవి మీద ఆధారపడుతుంది, ఆ చెవుల గురించి కలెక్టర్లు ఏళ్ల తరబడి కొట్టుకుంటారు. ఇప్పుడు ఎనిమిది యూరోలకి సత్యం నా చేతికి దొరికింది. సీడీల వాళ్లంతా జాంగోని తొందరపెట్టారు! అమ్మకి కంగారుగా వినపడిందంటే వినపడదూ మరి!

తొందరపడకూడదు, శాస్త్రీయంగా ఉండాలి అనుకుని అరలోంచి ఇంకో ఎల్పీ తీసి పెట్టాను. అదీ అర మెట్టు కిందే ఉంది. ఇక్కడ మామూలు బుర్ర ఉన్నవాడు మిషను వైపు చూస్తాడు. నేను రెండో సాక్షి దొరికాడనుకున్నాను.

మూడు రాత్రులు కూర్చుని పదకొండు పేజీలు రాశాను. సిద్ధాంతం కూడా దొరికింది. ఫ్రాన్సు ప్రభుత్వం 1859లోనే 'లా' స్వరం సెకనుకి 435 కంపనాలు ఉండాలని శాసనం చేసింది. 440 అన్న అంతర్జాతీయ లెక్క 1939లో లండన్ సమావేశంలో తేలింది. మన పాట 1937. కాబట్టి జాంగో పాత శ్రుతిలోనే వాయించి ఉండాలి, ఇంజనీర్లు తెలియక కొత్త శ్రుతికి లాగేశారు. ఎంత బాగా కుదిరిందో చూడండి! మొత్తం ఫ్రెంచిలో, మర్యాద తప్పకుండా, ఒక రీఇష్యూ కంపెనీ ఇంజనీరు గారికి రిజిస్టర్డ్ పోస్టులో, అందినట్టు సంతకం తిరిగొచ్చే పద్ధతిలో పంపేశాను. ఈ దేశంలో రిజిస్టర్డ్ ఉత్తరం అంటే మన లాయరు నోటీసంత గౌరవం.

పోస్టాఫీసు నుంచి తిరిగొస్తూ మెట్ల దగ్గర కింద వాటా పెద్దాయన కనపడితే ఆగలేక చెప్పేశాను. రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు, ఎనభై దాటాయి, నాకంటే ముదిరిన కలెక్టరు. తొమ్మిదేళ్ల పరిచయమైనా ఇప్పటికీ నన్ను మీరనే అంటాడు. మొత్తం విని, "435కీ 440కీ తేడా అర మెట్టులో ఐదో వంతేనండీ" అన్నాడు. మిగతా నాలుగు వంతులూ ఎక్కడివని అడగలేదు. ఇంట్లోకి వెళ్లి ఒక గుండ్రటి అట్టముక్క, చిన్న నియాన్ దీపం తెచ్చాడు. "పదండి, మీ మిషను చూద్దాం."

ఆ అట్ట మీద చుట్టూ 180 నల్ల గీతలుంటాయి. కరెంటు దీపం సెకనుకి వందసార్లు మినుకుమంటుంది కదా, టర్న్‌టేబుల్ సరైన వేగంలో తిరుగుతుంటే ఆ వెలుతుర్లో గీతలు కదలకుండా నిలబడ్డట్టు కనిపిస్తాయి. ఆయన కర్టెన్లు వేయించాడు. అట్ట పెట్టి, దీపం పట్టాడు. నేనూ, మా ఆవిడా, ఒక చేత్తో పైజామా పట్టుకుని మావాడూ గుడ్డి వెలుతుర్లో సోది చెప్పించుకునేవాళ్లలా చుట్టూ నిలబడ్డాం. గీతలు నిలబడలేదు. వెనక్కి నడిచాయి. నడవడమేమిటి, పరుగే.

పెద్దాయన ఏమీ అనకుండా పైన పళ్లెం ఎత్తాడు. కింద మోటారు కప్పీకీ లోపలి చక్రానికీ మధ్య నల్లటి రబ్బరు బెల్టు ఉండాలి. దాని బదులు తెల్లటి ఎలాస్టిక్ ముక్క ఉంది, ఒకచోట నీలం దారంతో చక్కగా గొలుసుకుట్టు వేసి. ఆ కుట్టు కప్పీ మీదికి వచ్చినప్పుడల్లా చిన్నగా ఎగిరి పడుతోంది, రెండేసి సెకన్లకోసారి. అదే నేను మూడో పేజీలో 'ఆనాటి గది ఊపిరి' అని రాసింది.

"నానమ్మా, అది నా పైజామాది!" అన్నాడు మావాడు.

అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "దుమ్ము తుడుద్దామని ఎత్తాను. నల్లది ఏదో చేతిలోనే పుటుక్కుమంది. చెప్తే కేకలేస్తావని కుట్టి పెట్టాను. తిరుగుతోంది కదా?"

"మరి శ్రుతి తగ్గిందని నువ్వే అన్నావు కదమ్మా!"

"తగ్గింది, తగ్గిందనే అన్నాను. మిషను తగ్గించిందో మనిషే తగ్గించుకున్నాడో నాకేం తెలుసురా? పద్నాలుగు సార్లు వాయించినవాడు ఒకసారి తగ్గించుకోకూడదా?"

పెద్దాయనకి అనువాదం చేసి చెప్పాను. ఆయన ఆ కుట్టుని దీపం దగ్గర పెట్టి చాలాసేపు చూసి, అమ్మ వైపు తిరిగి కొంచెం వంగి నమస్కారంలాంటిది పెట్టాడు. నాకు పెట్టలేదు.

అప్పుడు గుర్తొచ్చింది, ఆ వారమంతా ఘంటసాల ఎల్పీ కూడా వేసుకుని, ఆహా, వయసు పెరిగేకొద్దీ ఈ గొంతులో గాంభీర్యం ఎలా తెలుస్తోందో అని మా ఆవిడతో అన్నాను. తనకీ గుర్తొచ్చినట్టుంది, మొహం అటు తిప్పుకుంది, భుజాలు మాత్రం కదులుతున్నాయి.

కొత్త బెల్టు పంతొమ్మిది యూరోలు. పాటకి ఎనిమిది, దాన్ని సరిగ్గా వినడానికి పంతొమ్మిది. ఎలాస్టిక్ తిరిగి పైజామాలోకి వెళ్లింది గానీ టర్న్‌టేబుల్ చుట్టూ తిరిగి తిరిగి సాగిపోయింది, వాడు ఇంకా పట్టుకునే తిరుగుతున్నాడు. ఉత్తరం వెనక్కి తీసుకోవచ్చా అని పోస్టాఫీసులో అడిగితే, కౌంటర్లో ఉన్నావిడ నా రసీదు చూసి, అందింది, సంతకం కూడా పెట్టారు, అభినందనలు అంది.

మూడు వారాలకి జవాబొచ్చింది. దళసరి కవరు. విప్పితే ఉత్తరం ముక్క లేదు. గుండ్రటి అట్ట ఒకటి ఉంది, చుట్టూ 180 నల్ల గీతలతో. నేను దాన్ని చేత్తో పట్టుకుని నిలబడి ఉండగానే అమ్మ వచ్చి, అటూ ఇటూ తిప్పి చూసి, సరిపోతుందని తీసుకెళ్లి మజ్జిగ గిన్నె మీద మూత పెట్టింది.