ఆ పిట్ట గొంతులో పాలు పోయకండి

ఈ వారంలో ఈ మెసేజ్ రావడం ఇది ఆరోసారి. మొదట మా కావలి కాలేజీ బ్యాచ్ గ్రూపులో వచ్చింది, తర్వాత ఒంగోలు తోడల్లుడు పంపాడు, ఆ తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపు. మంచు పట్టిన కొమ్మ మీద ఎర్ర రొమ్ము పిట్ట ఫొటో, కింద వరసగా దండాలు పెట్టే చేతులు.

సంగతేమిటంటే, టొరంటో, షికాగో లాంటి చలి ఊళ్లలో పాడే పిట్టలు చరిత్రలో మొదటిసారి వలస మానేశాయట. ఫైవ్‌జీ టవర్ల వల్ల దారి మరిచాయట. జనం గింజలు వేసి వాటిని సోమరుల్ని చేశారట. కాళ్లు ఇనుప కడ్డీలకు అతుక్కుపోయి చస్తున్నాయట. పొద్దున బిగుసుకుని కనబడ్డ పిట్టను ఇంట్లోకి తెచ్చి, హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టి, గోరువెచ్చటి పాలు పడితే పుణ్యమట. మన పులికాట్‌కు వచ్చే ఫ్లెమింగోలు కూడా ఆ చలికి తాళలేక పారిపోయి వచ్చినవేనట.

ముందు ఫొటో చూడండి. అది యూరప్ రాబిన్. టొరంటో కొమ్మల మీద వాలే రాబిన్ వేరే, దీనికంటే చాలా పెద్దది. పేరొక్కటే కలిసింది.

ఇక ‘మొదటిసారి’ అన్న మాట. అక్కడ చికడీ అని ఒక పిట్ట ఉంది. చలికాలం వచ్చిందని ఊరు విడిచే రకం కాదది. బరువు పదకొండు, పన్నెండు గ్రాములు. పగలంతా తిని కొవ్వు పట్టిస్తుంది, రాత్రంతా వణుకుతూ ఆ కొవ్వునే కరిగించుకుంటుంది. మామూలుగా 42 డిగ్రీలుండే ఒంటి వేడిని రాత్రిళ్లు ఓ పది డిగ్రీల మేర తగ్గించుకుని పొదుపు చేస్తుంది. చలి రాకముందే వేల గింజల్ని ఒక్కోదాన్ని ఒక్కో చోట దాచి, వారాల తర్వాత కూడా వెతికి తీసుకుంటుంది. నేనైతే పొద్దున పెట్టిన కళ్లజోడు కోసం మధ్యాహ్నం దాకా వెతుకుతాను. 22 డిగ్రీలకే మంకీ క్యాప్ తగిలించే మనం దాని మీద జాలిపడుతున్నాం!

అమెరికా రాబిన్లలో చాలా భాగం దక్షిణానికి పోతాయి. కొన్ని ఆగిపోయి, వానపాములు దొరకవు కాబట్టి పళ్ల మీద బతుకుతాయి. అదీ కొత్త కాదు.

కాళ్లు అతుక్కోవాలంటే తడి ఉండాలి. పిట్ట పాదానికి చెమట పట్టదు. ఫైవ్‌జీ గురించి ఏం చెప్పను, సెల్‌ఫోన్ పుట్టకముందు నుంచీ అవి అక్కడే ఉన్నాయి.

నాకు ఒళ్లు మండింది పాల దగ్గర. ఏడో తరగతిలో ఉండగా మా పెరట్లో వేపచెట్టు కింద గోరింక పిల్ల పడి కనిపించింది. ఇంకు ఫిల్లరు కడిగి, దాంతో పాలు పట్టాను. రెండో చుక్కకే ముక్కు రంధ్రాల్లోంచి తెల్లటి బుడగ వచ్చింది. మెడ వెనక్కి వాల్చి నోరు తెరుస్తూ మూస్తూ ఉండింది, సాయంత్రం లోపలే పోయింది. ‘దాని ఆయుస్సు తీరిందిలేరా’ అంది మా అవ్వ. తీరలేదు, నేనే తీర్చాను. పిట్ట నోట్లో ఊపిరి గొట్టం కన్నం నాలుక వెనకే ఉంటుంది. పైనుంచి పోసింది నేరుగా అందులోకే పోతుంది. కడుపులోకి పోయినా లాభం లేదు, పాలలోని చక్కెర పక్షులకు అరగదు. పుణ్యం ఎవరికొచ్చిందో ఈ మెసేజ్ రాసిన మహానుభావుడే చెప్పాలి.

హెయిర్ డ్రయ్యర్ ఇంకో ఘనకార్యం. మా మేనల్లుడు టొరంటో దగ్గరే ఉంటాడు. పోయిన జనవరిలో వాళ్ల బాల్కనీ కడ్డీ మీద కూర్చున్న చికడీని వీడియో తీసి పంపాడు. మెడ లేదు, కాళ్లు లేవు, దూది ఉండలా ఉంది. ఈకలు అలా ఉబ్బించుకోవడమే దానికి బొంత. వెలుగు బాగా వచ్చాక ఒక్కసారి విదిలించుకుని తుర్రుమంది. దాన్ని పట్టుకుని హాల్లోకి తెచ్చుంటే, రాత్రంతా దాచుకున్న కాస్త శక్తీ భయంతోనే ఖర్చయిపోయేది. బిగుసుకుందని మనం అనుకునేది దాని నిద్ర!

నిజంగా దెబ్బతిన్న పిట్టలు కనబడేది అద్దాల మేడల కింద. 2023 అక్టోబర్‌లో షికాగోలో ఒకే భవనం అద్దాలకు తగిలి ఒక్క రాత్రిలో దాదాపు వెయ్యి పిట్టలు చచ్చాయి. అవన్నీ బుద్ధిగా వలస పోతున్నవే. అలా తగిలి పడ్డదాన్ని గాలాడే అట్టపెట్టెలో పెట్టి, మూత వేసి, చీకట్లో వదిలేయాలి. తిండీ వద్దు, నీళ్లూ వద్దు. తేరుకుని లోపల టపటపలాడితే బయటికి తీసుకెళ్లి మూత తీయాలి. తేరుకోకపోతే పక్షుల వైద్యం తెలిసినవాళ్లకు అప్పగించాలి.

‘సోమరులు’ అన్నది కూడా కొట్టిపారేద్దామనే కూర్చున్నాను. కానీ అందులో కొంచెం నిజముంది, ఒప్పుకోవాలి. జర్మనీ వైపు పుట్టే బ్లాక్‌క్యాప్ అనే పిట్టలు చలికాలం స్పెయిన్ వైపు పోయేవి. 1960ల నుంచి వాటిలో కొన్ని ఇంగ్లండ్‌కు పోవడం ఎక్కువైంది. అక్కడి పెరళ్లలో జనం పెట్టే తిండి అందుకు ఒక కారణం. ఆ దిక్కుకు పోవడం వాటి పిల్లలకూ పుట్టుకతోనే వస్తుందని 1990ల మొదట్లో పంజరాల్లో పెంచి చూసి తేల్చారు. మనం వేసే గింజ వాటి దారినే మారుస్తుందన్నమాట. దాన్ని సోమరితనమంటే మాత్రం ఒప్పుకోను, సముద్రం దాటి పోతున్నాయి మరి.

చివరిది పులికాట్. మన దేశంలో ఫ్లెమింగోలు పెద్ద ఎత్తున పిల్లల్ని చేసేది గుజరాత్‌లోని రాన్ ఆఫ్ కచ్‌లో. నీళ్లూ తిండీ ఎటుంటే అటు తిరుగుతాయి. టొరంటో బస్సు సూళ్లూరుపేటలో ఆగదు.