మహారాజశ్రీ తీర్మానాల పుస్తకం గారికి

మహారాజశ్రీ గ్రామసభ తీర్మానాల పుస్తకం గారి దివ్యసముఖానికి, ఏజెన్సీ గూడెం నుంచి నమస్కరించి రాయునది.

మొన్న తమ దర్శనమైంది. పోడు పట్టాల సభ అంటే పనులు మానుకుని వచ్చాం. మధ్యాహ్నమంతా కూర్చోబెట్టి, చివరికి సంచిలోంచి తమరిని తీసి ముందు హాజరు వేయమన్నారు. సంతకం వచ్చినవాళ్లు సంతకం, రానివాళ్లు వేలిముద్ర. పైన సగం పేజీ ఖాళీగా ఉందేమని అడిగితే హెడ్డింగు కోసమన్నారు. నిన్న ఆ హెడ్డింగు ఏమిటో తెలిసింది. కొండమీద గనికి అభ్యంతరం లేదని ఊరంతా ఏకగ్రీవంగా తీర్మానించిందట! సభలో గని ఊసే రాలేదు.

ఏకగ్రీవమట. బోరు ఎక్కడ వేయాలో తేలక మా గూడెం ఇప్పటికీ రెండు వర్గాలుగా ఉంది. కొండ ఇచ్చేయడానికి మాత్రం ఒక్క గొంతూ అడ్డు రాలేదు కాబోలు. కువి తప్ప మరో భాష రాని అవ్వలు కూడా ‘తదుపరి చర్యల నిమిత్తం ఆమోదించడమైనది’ అని సెలవిచ్చారని తమలో రాసుంది.

తమరు చట్టం తప్పారని అనను. అటవీ హక్కుల నిబంధనల ప్రకారం సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లుండాలి. ఆ లెక్క సరిగ్గానే ఉంది. మమ్మల్ని పిలిచిందే అందుకు.

ఒడిశాలో తమ చుట్టాలున్నారు. సుప్రీంకోర్టు చెప్పాక 2013లో నియంగిరి కొండ మీద 12 గ్రామసభలు జరిగాయి. జిల్లా జడ్జి పరిశీలకుడిగా వచ్చి కూర్చున్నారు. పన్నెండుకు పన్నెండూ బాక్సైట్ గని వద్దన్నాయి. ఇక్కడ జడ్జి లేరు, పంచాయతీ సెక్రటరీ గారున్నారు, మేమంతా సరేనన్నాం. జడ్జి ముందు నోరున్న ఆదివాసీకి సెక్రటరీ ముందు వేలు మాత్రమే మిగులుతుందా?

అసలు ఏజెన్సీలో ప్రభుత్వ భూమి కూడా గిరిజనేతరుల గనులకు లీజుకివ్వకూడదని, సమత అనే సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పుకి తమలో ఒక్క లైను చోటు దొరకలేదు. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదన్న 1/70 చట్టం సంగతి బినామీలనడగాలి. పరిహారం ముచ్చట ఇంకా బాగుంటుంది. 2013 భూసేకరణ చట్టంలో ఎస్సీ, ఎస్టీలకు భూమికి భూమి ఉంది. పోయినంత గానీ రెండున్నర ఎకరాలు గానీ, ఏది తక్కువైతే అది. ఎక్కువైతే అని పొరపాటున కూడా పడలేదు!

ఇక ‘తమరు’ నా వల్ల కాదు. ఇదిగో పుస్తకమా, మేం వచ్చామని వేలు వేస్తే ఇచ్చామని రాసుకుంటావా? ఆ గని ఎంత లోతు తవ్వుతారో, ఊట ఏమవుతుందో, మమ్మల్ని ఎక్కడికి పొమ్మంటారో ఒక్కడైనా చెప్పాడా? చెప్పాక ఒప్పుకుంటే అది మా ఇష్టం. చెప్పకుండా రాసుకుంటే అది దొంగతనం. ఆ పేజీ నకలు అడిగితే పుస్తకం ఆఫీసులో లేదంటున్నారు. ఎక్కడికి పోయావు?

నకలు కోసం అర్జీ పెట్టాం. ఆ తీర్మానం మాది కాదని మళ్లీ సభ పెట్టమనీ రాశాం. ఆ సభకి నువ్వూ రా. ఈసారి రాసిందంతా కువిలో చదివి వినిపించాకే సంతకాలు. ఖాళీ వదిలిన ప్రతిచోటా ముందు మేమే అడ్డగీత కొడతాం. పెన్ను మేమే తెచ్చుకుంటాం.