డెక్కన్ చార్జర్స్ ప్యాచ్ ఎవరి దగ్గరైనా ఉందా?

ఈఏ స్పోర్ట్స్ క్రికెట్ 07 అనే కంప్యూటర్ గేమ్ వచ్చింది 2006 నవంబర్‌లో. ఆ సిరీస్‌లో అదే ఆఖరిది. పది నెలలు తిరిగేసరికి ధోనీ జట్టు టీ20 ప్రపంచకప్ గెలిచింది, 2008 ఏప్రిల్‌లో ఐపీఎల్ మొదలైంది. ఆ రెండూ గేములో లేవు. ఇండియా జట్టుకు లైసెన్స్ లేక మన ఆటగాళ్ల పేర్లలో అక్షరాలు కూడా అటూ ఇటూ మార్చేశారు. కంపెనీ వదిలేసిన పనిని అభిమానులు నెత్తినేసుకున్నారు. జెర్సీలు, బ్యాట్ స్టిక్కర్లు, స్టేడియాలు, వేలం అయిన ప్రతిసారీ కొత్త రోస్టర్, అంటే ఆటగాళ్ల జాబితా. మన నెట్ సెంటర్లలో, హాస్టల్ గదుల్లో పిల్లలు ఆడింది ఎక్కువగా ఈ మార్పుల ఫైళ్లు, అంటే ప్యాచ్‌లు వేసిన ఆటే.

వీటిలో ఏవి భద్రపరచాలి? బాగున్నవి, అందులోనూ లేటెస్ట్‌వి అని చాలామంది ఠక్కున అంటారు. ఆ పద్ధతిలో వెళ్తే అసలైనవే పోతాయని నా అభిప్రాయం.

ఈ ఆటకు ప్యాచ్ వేయడమంటే కొత్త ఫైళ్లను గేమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసి, పాతవాటిని రీప్లేస్ చేయాలా అని కంప్యూటర్ అడిగితే 'ఎస్ టు ఆల్' నొక్కడమే. ఐపీఎల్‌కు విడిగా చోటు లేదు కాబట్టి ఆటలో ఉన్న దేశవాళీ జట్ల స్థానాల్లోనే మన జట్లను కూర్చోబెట్టారు. 2009లో దక్షిణాఫ్రికాలో గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో కప్పు కొట్టిన డెక్కన్ చార్జర్స్ ఫ్రాంచైజీ 2012లో రద్దయింది. మరుసటి ఏడాది సన్‌రైజర్స్ వచ్చింది. కొత్త ప్యాచ్ వేయగానే పలక తుడిచి రాసినట్టు పాత జట్టు మాయం. పనిగట్టుకుని ఎవరూ డిలీట్ చేయలేదు, అప్‌డేట్ చేశారంతే. పోనీ ఇంటర్నెట్‌లో మళ్లీ వెతుకుదామా అంటే, ఇలాంటి ఫైళ్లకు ఆ రోజుల్లో అడ్డాలైన మెగాఅప్‌లోడ్ 2012లో, ర్యాపిడ్‌షేర్ 2015లో మూతపడ్డాయి.

డూమ్ అనే షూటింగ్ గేమ్ కథ దీనికి పూర్తిగా రివర్స్. 1993లో ఐడీ సాఫ్ట్‌వేర్ ఆ గేమ్ తయారు చేసినప్పుడే ఆటను నడిపే ప్రోగ్రామ్ అయిన ఇంజిన్‌ను ఒకవైపు, లెవెళ్లు, బొమ్మలు, శబ్దాలను వ్యాడ్ అనే ఫైల్లో మరోవైపు ఉంచింది. అభిమాని చేసిన వ్యాడ్ అసలు ఫైళ్ల జోలికి వెళ్లదు, పక్కన నిలబడి నడుస్తుంది. ఐడీగేమ్స్ అనే ఆర్కైవ్‌లో ఒక్కో వ్యాడ్‌తో పాటు ఒక టెక్స్ట్ ఫైల్ ఉంటుంది: ఎవరు చేశారు, ఎంత టైం పట్టింది, ఏ ఎడిటర్ వాడారు, తెలిసిన లోపాలేమిటి, దీని మీద ఇంకొకరు పని చేయొచ్చా. నాసిరకం లెవెల్‌కు కూడా ఈ చీటీ ఉంటుంది. అందుకే అక్కడ ఏరివేత మీద పెద్ద తలనొప్పి లేదు. ఫైలు చిన్నది, హక్కుల మాట ముందే రాసి ఉంది, పెట్టేస్తే సరిపోతుంది.

క్రికెట్ 07 విషయంలో అది కుదరదు. మన దగ్గర తిరిగిన ప్యాచ్‌లలో చాలా వాటిలో గేమ్ మొత్తం ప్యాక్ చేసి ఉంటుంది. అది దాచితే పైరసీ కాపీ దాచినట్టే. మన కాపీరైట్ చట్టంలోని సెక్షన్ 52(1)(ఎన్) లాభాపేక్ష లేని పబ్లిక్ లైబ్రరీకి డిజిటల్ కాపీ దాచుకునే వీలిస్తుంది, కానీ ఆ రచన డిజిటల్ కాని రూపంలో లైబ్రరీ దగ్గర ముందే ఉండాలి. పుట్టడమే ఫైలుగా పుట్టినదానికి ఆ రూపం ఎక్కడి నుంచి తేవాలి? కాబట్టి మారిన ఫైళ్లను మాత్రమే విడదీసి దాచడం ఉన్నంతలో నయం. దానికీ ఒక చిక్కుంది: అవి నడవాలంటే అసలు ఆట కావాలి, దాన్ని ఇప్పుడు ఎవరూ అమ్మడం లేదు. ఇదొక్కటే కాదు. అమెరికాలో 2010కి ముందు విడుదలైన గేముల్లో 87 శాతం ఇవాళ మార్కెట్లో దొరకడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది.

నన్నడిగితే, ఈ వెర్షన్ పోతే దీనిలో ఉన్నది ఇంకెక్కడైనా దొరుకుతుందా అన్నదే మొదటి పరీక్ష. 2008 సీజన్ రోస్టర్ ఉన్న నాసిరకం ప్యాచ్, ముఖాలు అచ్చు గుద్దినట్టున్న కొత్త హెచ్‌డీ ప్యాచ్ పోటీకొస్తే నా ఓటు మొదటిదానికే. రెండోదాన్ని కాపాడేవాళ్లు వందమంది ఉంటారు. లోడింగ్ స్క్రీన్ మీద తన పేరు వేసుకుని పక్కవాడి పనిని మళ్లీ అప్‌లోడ్ చేసినవాటిని పక్కన పడేయొచ్చు. అయితే జనం ఎక్కువగా ఆడింది ఆ దొంగ కాపీనే అయితే దాన్నీ ఉంచాలి, అసలు చేసినవాళ్లెవరో పక్కన రాసి. రీడ్‌మీ ఫైల్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వదలకూడదు. దేని తర్వాత దేన్ని ఇన్‌స్టాల్ చేయాలో అందులోనే ఉంటుంది. ఆ వరుస తప్పితే మైదానంలోకి దిగకముందే గేమ్ క్రాష్ అవుతుంది.

అప్పట్లో చదువుకునే కుర్రాడిగా ప్యాచ్ చేసినవాడు ఇప్పుడు ఉద్యోగం, పిల్లలతో స్థిరపడి, నా పేరు తీసేయండి అంటే? పేరు తీసేయాలి, ఫైలు ఉంచాలి. ఫైలు కూడా వద్దంటే బయటికి చూపించకుండా లోపల దాచుకోవాలి. దీనికి ఒప్పుకోనివాళ్లు ఉంటారని తెలుసు, ముఖ్యంగా తమ పని తమ అనుమతి లేకుండా పదిచోట్ల తేలడం చూసి విసిగిపోయిన మాడర్లు, అంటే ఈ ప్యాచ్‌లు చేసినవాళ్లు. వాళ్ల కోపంలో న్యాయం ఉంది. అందుకే ఈ పని మొదలుపెట్టేవాళ్లు ముందు వెళ్లాల్సింది వాళ్ల దగ్గరికే. పాత రోస్టర్ ఫైళ్లు ఎక్కడైనా మిగిలి ఉంటే, అవి వాళ్ల అటక మీది హార్డ్‌డిస్క్‌లలోనే ఉండే అవకాశం ఎక్కువ.