ఐదో తరగతిలో ఆపేస్తే చదువు వస్తుందా?

2024 డిసెంబర్‌లో కేంద్రం విద్యాహక్కు చట్టం నిబంధనలు మార్చింది. ఐదు, ఎనిమిది తరగతుల వార్షిక పరీక్షలో తప్పిన పిల్లలకు అదనంగా పాఠాలు చెప్పి, రెండు నెలల్లోపు మళ్లీ పరీక్ష పెట్టాలి. అందులోనూ తప్పితే అదే తరగతిలో ఉంచేయొచ్చు. కేంద్రీయ విద్యాలయాలు, నవోదయాల్లాంటి కేంద్ర ప్రభుత్వ బడులకు ఇది వర్తిస్తుంది. రాష్ట్రాలు తమకు నచ్చిన దారి ఎంచుకోవచ్చు. తమిళనాడు ఎనిమిదో తరగతి వరకు ఎవరినీ ఫెయిల్ చేయని పాత పద్ధతిలోనే ఉంటామని చెప్పేసింది.

ఫెయిల్ భయం లేకపోతే పిల్లలు పుస్తకం ముట్టరని మన ఇళ్లలోనూ, స్టాఫ్ రూముల్లోనూ గట్టి నమ్మకం. దాని వెనక ఉన్న ఆవేదన నిజమే. పిల్లలకు చదవడం, లెక్కలు ఏమాత్రం వచ్చో చూసే అసర్ సర్వే 2024 లెక్క ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రభుత్వ బడుల్లో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 44.8 శాతమే. ఈ పిల్లల్ని చదువు రాకుండానే పై తరగతికి తోసేయడం వాళ్లకు చేసిన మేలేమీ కాదు.

కానీ వాళ్లు వెనకబడింది ఐదో తరగతిలో కాదు. గుణింతాలు, ఒత్తులు పట్టుబడకుండానే రెండో తరగతి దాటిన రోజే వెనకబడ్డారు. ఆ తర్వాత వాచకం ఏటా బరువెక్కుతూ పోయింది, పిల్లవాడు ఉన్నచోటే ఉన్నాడు. అతన్ని ఐదులో ఆపి, మళ్లీ అదే వాచకం చేతిలో పెడితే ఏం మారుతుంది? రెండో ఏడాది కూడా అది అతనికి అందని పుస్తకమే.

విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ టీచరుకు పక్కపక్కనే రెండు బాధ్యతలు రాసింది. ఒకటి, గడువులోపు సిలబస్ మొత్తం పూర్తి చేయాలి. రెండోది, ఒక్కో పిల్లవాడి నేర్చుకునే శక్తిని అంచనా వేసి, అవసరమైతే అదనంగా బోధించాలి. మనం పట్టుకున్నది మొదటిదాన్నే. తనిఖీకి వచ్చిన అధికారి ఎన్ని పాఠాలయ్యాయని అడుగుతాడు. ఎంతమందికి కూడబలుక్కోకుండా చదవడం వచ్చిందని అడిగేవాళ్లు అరుదు. పాపం, టీచరు దేనికి లెక్క చెప్పాలో దాని వెంటే పరుగెత్తుతాడు.

దీనికి మందు లేక కాదు. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ పిల్లల్ని తరగతిని బట్టి కాకుండా, అక్షరం దగ్గరున్నారా, పదం దగ్గరున్నారా, పేరా చదువుతున్నారా అని చూసి గుంపులు చేసి, రోజూ కాసేపు ఆ స్థాయిలోనే నేర్పించింది. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో తదితరులు ఏళ్ల తరబడి పరిశీలించి, పద్ధతిగా అమలు చేసినచోట పిల్లల చదువు మెరుగుపడిందని చూపించారు. తెలంగాణలో 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం కూడా ప్రాథమిక తరగతుల్లో చదవడం, రాయడం, లెక్కల పునాది కోసం తెచ్చిందే. అలాంటి పనికి రోజూ సమయం కావాలి, టీచర్లు కావాలి. ఐదు తరగతులకూ ఒక్కరే ఉన్న బడిలో అది ఉత్తర్వుతో అయ్యే పని కాదు.

ఫెయిలయ్యేది ఎవరో కూడా చూడాలి. ఆదోని ప్రాంతం నుంచి గుంటూరు మిర్చి చేలకు అమ్మానాన్నలతో వలసపోయే పిల్లలకు బడి మధ్యలోనే తెగిపోతుంది. అలాంటి పిల్లని తనకన్నా చిన్నవాళ్ల మధ్య మళ్లీ కూర్చోబెడితే, ఇక బడికి పోనంటుంది. ఇంట్లో కూడా బలవంతం చేయరు.

ఆ రెండు నెలల సంగతీ ఆలోచించండి. మన బడులకు ఏప్రిల్ చివర్లో సెలవులిచ్చి, జూన్ రెండో వారంలో తెరుస్తారు. వార్షిక పరీక్ష తర్వాత ఇచ్చే గడువు ఎండాకాలం సెలవుల్లోనే కరిగిపోతుంది. బడి ఏడాది మొదట్లోనే ఎఫ్‌ఏ-1 అనే తొలి చిన్న పరీక్ష జరుగుతోంది కదా. చదవడం రాని పిల్లలెవరో అప్పుడే తెలిసిపోతుంది. అదనపు బోధన ఆ మర్నాడే ఎందుకు మొదలుపెట్టకూడదు? దానికోసం సిలబస్‌లో రెండు పాఠాలు తగ్గించే ధైర్యం విద్యాశాఖకు ఉందా?