ఫోన్‌లో ఫోటో తీసినంత మాత్రాన కొత్త జాతి తేలదు

ఒకే మెసేజ్ కాలేజీ బ్యాచ్ గ్రూపులో వచ్చింది, అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, చివరికి మా మేనమామ గారు కూడా పంపించారు. సముద్రపు బురదలో గొట్టం కట్టుకుని బతికే, పువ్వులా కనిపించే కొత్త సీ అనిమోన్‌ను శాస్త్రవేత్తలు కనిపెట్టారట. అది ఈమధ్యే పుట్టిన జీవి అట. సగం మొక్క, సగం జంతువట. ముట్టుకుంటే నిమిషాల్లో ప్రాణం పోతుందట. ఫోటో తీసి యాప్‌లో పెడితే క్షణంలో తేలిపోయేదానికి ఏళ్లకేళ్లు కూర్చున్నారట, అనవసరంగా దాన్ని చంపి సీసాలో పెట్టారట. కింద మామూలే: 'మన పన్నుల డబ్బు ఇలా తగలేస్తున్నారు, అందరికీ పంపండి.' నాతో పాటు జువాలజీ చదివినవాళ్లు కూడా పంపేశారు. నాకు ఎక్కువ కష్టమనిపించింది అదే. డిగ్రీ పిల్లలకు ఆ సబ్జెక్టే చెబుతున్నదాన్ని, చూసి ఊరుకోలేకపోతున్నాను.

ఈమధ్యే పుట్టిన జీవి కాదు. కొత్త జాతి అంటే ఇంతవరకూ ఎవరూ వర్ణించి పేరు పెట్టనిది అని అర్థం. అది అక్కడ ఎప్పటినుంచో ఉంది.

సగం మొక్క కాదు. పూర్తిగా జంతువే. స్పర్శకాలు (నోటి చుట్టూ ఉండే మెత్తటి వేళ్లలాంటివి) చాచి నీళ్లలో కొట్టుకొచ్చే చిన్న చిన్న జీవుల్ని పట్టి తింటుంది.

ప్రాణం పోదు. దంశకణాలు, అంటే కుట్టే కణాలు ఉన్నాయి కాబట్టి చర్మం మండితే మండొచ్చు. చెయ్యి పెట్టకుండా ఉంటే సరిపోతుంది.

ఇక యాప్ సంగతి. అన్నిటికంటే హాని చేసే మాట ఇదే, ఎందుకంటే చదివిన ప్రతివాడికీ నిజమే కదా అనిపిస్తుంది. ఫోటోలో ఏం కనిపిస్తుంది? బురదలోంచి పైకి వచ్చిన రెండు వరసల స్పర్శకాలు. బయటి వరస పొడుగ్గా ఉంటుంది, నోటి చుట్టూ ఉన్న లోపలి వరస పొట్టిగా ఉంటుంది. గొట్టంలో ఉండే అనిమోన్ అని చెప్పడానికి అది చాలు. ఏ జాతో చెప్పడానికి చాలదు. రంగును నమ్ముకుందామంటే ఒకే జాతిలో ఊదా, గోధుమ, తెలుపు అన్నీ ఉంటాయి. అసలు తేడాలు కడుపులో ఉంటాయి. జంతువును నిలువునా కోసి తెరిస్తే లోపలి గోడ నుంచి పల్చటి పొరలు వరసగా కనిపిస్తాయి. వాటిని మిసెంటరీలు అంటాం. ఏ పొర ఎంత కిందిదాకా దిగింది, దేనిమీద బీజకోశాలు ఉన్నాయి, దేనిమీద లేవు, అవి ఏ క్రమంలో వస్తున్నాయి అన్నది ఒక్కొక్కటిగా చూసి రాసుకోవాలి. ఆ తర్వాత స్పర్శకాల నుంచి, ఒంటి నుంచి, మిసెంటరీల నుంచి కొంచెం కొంచెం కణజాలం తీసి, స్లైడ్ మీద నలిపి, దంశకణాల్లోని సూక్ష్మమైన గుళికలను మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యోవంతుల్లో) కొలవాలి.

ఆ గుళికల్లో టైకోసిస్ట్ అనే రకం ఈ గొట్టపు అనిమోన్ల గుంపులో తప్ప మరే జంతువులోనూ ఉండదు. మామూలు దంశకణంలో దారం స్ప్రింగులా చుట్టుకుని ఉంటుంది, ఇందులో మాత్రం మడతలు మడతలుగా ఉంటుంది. గుళిక పేలి బయటికి వచ్చిన ఆ దారం ఎవర్నీ కుట్టదు. అలాంటివి లెక్కలేనన్ని ఒకదానికొకటి అల్లుకుని, ఇసుకా బురదా అంటుకుని ఆ గొట్టం తయారవుతుంది. కుట్టే కణాల కుటుంబంలోంచే తన ఇంటికి నూలు తీసుకుంటోంది ఈ జంతువు! ఈ కణాలను ప్రత్యేకమైన రకంగా గుర్తించి వర్ణించింది 1977లో. ఫోన్ కెమెరాకు ఇది ఎలా కనబడుతుందో ఆ మెసేజ్ రాసిన పెద్దమనిషి వచ్చి చూపించాలి.

డీఎన్ఏ చూస్తే చాలదా అని మా బ్యాచ్‌లోనే ఒకరు అడిగారు. చూస్తారు, చూడాలి కూడా. 2019లో ఐసరాక్నాంథస్ నాక్టర్నస్ అనే గొట్టపు అనిమోన్ మైటోకాండ్రియాలో (కణానికి శక్తినిచ్చే భాగం) ఉండే డీఎన్ఏ మొత్తం చదివితే 80,923 బేస్ జతలు (డీఎన్ఏ అక్షరాల జతలు) తేలాయి. మనిషిది 16,569. అప్పటిదాకా జంతువుల్లో తెలిసినవాటిలో అదే అతి పెద్దది. కానీ ఆ డీఎన్ఏ వరసకు ఆ పేరు తగిలించాలంటే, ఆ పేరు ఏ జంతువుదో ముందు ఎవరో ఒకరు కోసి, కొలిచి, రాసిపెట్టి ఉండాలి కదా. పైగా గొట్టపు అనిమోన్ల డింభకాలు (పిల్లదశ జీవులు) చాలాకాలం నీళ్లలో తేలుతూ తిరుగుతాయి. కొన్ని జాతులకు డింభకాన్ని మాత్రమే చూసి పేరు పెట్టారు, పెద్ద జంతువు ఏదో ఇప్పటికీ తేలలేదు. ఈ చిక్కుముడి విప్పడం యాప్ వల్ల అవుతుందా?

సీసా గురించి. జంతుశాస్త్ర నామకరణ నియమాల ప్రకారం 1999 తర్వాత పెట్టే కొత్త జాతి పేరుకు ఆధారమైన నమూనా ఏదో స్పష్టంగా చెప్పాలి. మామూలుగా అది ఒకే ఒక్క నమూనా, దాన్ని హోలోటైప్ అంటాం. మన 2002 జీవవైవిధ్య చట్టం కూడా కొత్త జాతి దొరికితే తెలియజేసి, నమూనాను నిర్దేశించిన సంస్థలో అప్పగించమంటుంది. ఎందుకంటే రేపు ఎవరికైనా అనుమానం వస్తే వెళ్లి ఆ సీసా తెరిచి చూసుకోవచ్చు. 2018 సెప్టెంబరులో రియో డి జనీరోలోని బ్రెజిల్ నేషనల్ మ్యూజియం తగలబడినప్పుడు దాదాపు 2 కోట్ల వస్తువుల్లో చాలావరకు బూడిదయ్యాయి. ఫోటోలు చాలనుకుంటే అక్కడివాళ్లు రోడ్డు మీద నిలబడి ఎందుకు ఏడ్చారు?

అయితే రెండు మాటలు ఒప్పుకోవాలి. ఒక ప్రాణి చనిపోయిందన్నది నిజం. విద్యార్థులకు డిసెక్షన్ చూపించినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది, దాన్ని చిన్న విషయంగా కొట్టిపారెయ్యను. 2015లో దక్షిణాఫ్రికాలో ఒక ఈగను కేవలం ఫోటోల ఆధారంగా వర్ణించారు కూడా. దానిమీద శాస్త్రవేత్తల్లోనే పెద్ద గొడవ జరిగింది. ఏళ్లు పడుతుందన్నదీ నిజమే. 2012లో అచ్చయిన ఒక అధ్యయనం ప్రకారం నమూనా సేకరించినప్పటి నుంచి కొత్త జాతిగా వర్ణించేదాకా సగటున 21 ఏళ్లు పడుతోంది. ఇది సిగ్గుపడాల్సిన సంగతే. కానీ కారణం సోమరితనం కాదు, ఈ పని వచ్చినవాళ్లు చాలా తక్కువమంది కావడం. వాళ్లకు ఉద్యోగాలు ఇవ్వండి అని ఒక్క ఫార్వర్డ్ అయినా వచ్చిందా?

డబ్బు తగలేస్తున్నారన్న మాటకు ఒకటే జవాబు. సీ అనిమోన్ విషం మీద కుక్కలతో ప్రయోగాలు చేస్తూనే పోర్టియర్, రిషే అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు 1902లో, ఒంటికి పడనిది తగిలితే ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన అలర్జీ అయిన అనాఫిలాక్సిస్‌ను బయటపెట్టారు. 1913లో రిషేకు నోబెల్ వచ్చింది. ఇంజెక్షన్ పడక మనిషి కుప్పకూలితే డాక్టర్లకు ఏం జరుగుతోందో అర్థమవుతోందంటే దాని మొదలు అక్కడుంది.

'హైదరాబాద్‌లో ఉండి మనకెందుకీ సముద్రం గోల' అని కామెంట్ పెట్టినాయన ఇల్లు నిజాంపేటలో. పక్కనే ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అనే జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఉంది. 2007 నుంచి దేశానికి సునామీ హెచ్చరికలు అక్కణ్నుంచే వెళ్తున్నాయి.

చివరిగా, మెసేజ్‌తో తిరుగుతున్న ఆ ఫోటో. అందులో అనిమోన్ రాయికి అతుక్కుని ఉంది, స్పర్శకాల మధ్య నారింజ రంగు క్లౌన్ ఫిష్ ఉంది. గొట్టపు అనిమోన్లకు రాయికి అతుక్కునే అడుగు భాగమే ఉండదు. సముద్రంలో క్లౌన్ ఫిష్ కాపురం ఉండేది వాటిలో కాదు. అది వేరే జంతువు ఫోటో.